కొంగల చింతచెట్లకు పైసలు ఏ హెడ్ (పద్దు) కింద అడగాలె?

పాకాల_పిట్ట
కొంగల గూళ్లు కాపాడేటందుకు గ్రాంటు అడిగిన మూడో దరఖాస్తు గూడ తిరిగొచ్చింది. ఇగ మీరే చెప్పాలె.

మాది నర్సంపేట అవతల. ఊరి చెరువుకట్ట కింద ఐదు చింతలున్నయి, తాతల నాటివి. వానలు మొదలుగాంగనే నత్తగుల్ల కొంగలు దిగుతయి. వాటెనక తెల్లకొంగలు, చింతవక్కలు. దీపావళి దాక ఊరంత వాటి లొల్లే. పోయినేడు గూళ్లు లెక్కబెడితే 71 తేలినయి. మేం ఆరుగురం పోరగాళ్లం, సంఘం రిజిస్టర్ జేసి రెండేండ్లయింది. కింద పడ్డ పిల్లలను ఏరుకొచ్చి, నత్తలు పగలగొట్టి తినిపిచ్చి, మళ్ల చెట్టెక్కిచ్చుడు మా పని.

అసలు కష్టం ఇది. ఐదింట్ల మూడు చెట్లు ఒక ముసలవ్వవి. కొంగలు పెరిగినకాన్నుంచి కాపు సగానికి పడ్డది. కొమ్మలు ఇరుగుతున్నయి, ఆకంత రెట్టతోని సున్నం కొట్టినట్టు తెల్లగ. గుత్తకు పట్టేటాయన చెట్టుకు నాలుగువేల లెక్కన ఇచ్చేటోడు, రెండేండ్లసంది ఆ దిక్కే వస్తలేడు. వాసనకు కోడలు వాకిట్ల కూసుండి అన్నం తింటలేదట. మొన్న కోతమిషనాయన వచ్చి మూడు చెట్లకు బేరమాడి బయానా గూడ పెట్టిపోయిండు. మృగశిర లోపల కొడతడట.

ప్రపోజల్ల బైనాక్యులర్లు, సర్వే, బడిపిల్లలకు అవగాహన, బోర్డులు రాసినం. వాటికి ఎవ్వరూ ఏమనలే. "చెట్ల యజమానికి ఏటా ఇంత" అని రాసిన లైను మీదనే మూడుసార్లు ఎర్రగీత. ఒకాయనైతే ఈ హెడ్ మాకు వర్తించదని ఫోన్ల చెప్పిండు. బైనాక్యులర్లకు పైసలున్నయట, చెట్టుకు లేవట. చెట్టు పోయినంక బైనాక్యులర్లల్ల ఏం జూడాలె?

ఓరుగల్లు_అక్క
అవ్వకు ఎంత గావాలె?

పాకాల_పిట్ట
మూడు చెట్లకు 12 వేలు, ఏడాదికి. పిల్లలు పడితే ఆపేటందుకు కింద వలలు కట్టాలె, దానికి ఇంకో ఎనిమిది.

ఓరుగల్లు_అక్క
ఇరవై వేలా! మూడు ప్రపోజళ్లకు టైపింగు, జిరాక్సులు, హైదరాబాద్ తిరుగుడు అన్నీ కలిపి ఎంతైంది?

పాకాల_పిట్ట
అది అడగకు అక్కా. తొమ్మిది వేల చిల్లర.

మత్తడి_మల్లన్న
నీది నయం తమ్మీ. మా కథ విను. ఐదారేండ్ల కింద మేం అలుగు మీద ప్రపోజల్ రాసినం. అలుగంటే పొలుసులుండి చీమలు తినే జంతువు, ముట్టుకుంటే బంతిలెక్క ముడుచుకుంటది. పైన "అలుగు సంరక్షణ" అని పెద్దగ రాసి ఒక ఆఫీసుల ఇచ్చినం. రెండు నెలలకు జవాబొచ్చింది. "మీ చెరువు అలుగు మరమ్మతు విషయమై నీటిపారుదల ఇంజనీరును సంప్రదించగలరు" అని. ఇంజనీరు సాబ్ నిజంగనే టేపు పట్టుకొని వచ్చిండు, అలుగు పొడుగెంత అని అడిగిండు. మూడు ఫీట్లుంటది సార్, తోకతోని కలిపి అన్న.

డల్లాస్_హన్మకొండ
😂😂 తోకతో కలిపి!

కర్రు_నాగలి
జంతువులకు, పిట్టలకు గ్రాంట్లు అడుగుతున్నరు. పంటంతా కోతులు తింటున్నయి, వాటికి ఎవరన్న గ్రాంటిచ్చి తీసుకపోతరా? ఎదురు మేమే పైసలిస్తం.

ఆడిట్_అన్న
కోతులకు నిర్మల్ దగ్గర 2020లోనే పునరావాస కేంద్రం పెట్టారు, అటు పంపించు. ఇక అసలు సంగతికి వద్దాం.

పిట్ట, నువ్వు అడిగిన ముగ్గురిలో స్వదేశీ ఎవరు, విదేశీ ఎవరు? ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏబీ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయా? స్వచ్ఛంద సంస్థలకిచ్చే నీతి ఆయోగ్ దర్పణ్ నంబర్ తీసుకున్నారా? ఇవి చెప్పకుండా హెడ్ల గురించి మాట్లాడితే లాభం లేదు.

పాకాల_పిట్ట
ఒకటి బయటిదేశం ఫౌండేషన్, ఒకటి కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే పైసలు), ఒకటి రాష్ట్ర ఆఫీసు. 12ఏబీ తాత్కాలికం వచ్చింది. 80జీకి పెట్టినం. దర్పణ్ ఉన్నది.

ఆడిట్_అన్న
అయితే మొదటి రెండూ చెట్ల అవ్వ వల్ల పోలేదు, మొదటి పేజీలోనే పోయినట్టు.

సీఎస్‌ఆర్: మీ సంఘం లాంటిది నేరుగా కంపెనీ డబ్బు తీసుకోవాలంటే సీఎస్‌ఆర్-1 ఫారం వెయ్యాలి, 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. 12ఏబీ, 80జీ కావాలి, కనీసం మూడేళ్ల పని చూపాలి. మీకు రెండేళ్లే.

విదేశీ: ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా రూపాయి ముట్టుకోవద్దు. దానికీ మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. అంత లేనివాళ్లకు ముందస్తు అనుమతి అని ఇంకో దారి ఉంది. ఫలానా దాత నుంచి, ఫలానా పనికి, ఇంత మొత్తం అని ఒక్కదానికే ఇస్తారు. అది కూడా ఢిల్లీలో సంసద్ మార్గ్ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి.

మంచిర్యాల_మామ
ఇరువై వేలకు ఢిల్లీల ఖాతా. బాగున్నది.

పాకాల_పిట్ట
మరి హైదరాబాద్‌ల ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ తీసుకొని మాకు పంచుతే? ఒకరు అట్లనే చేద్దామన్నరు.

ఆడిట్_అన్న
2020 సవరణ చేసిందే దాన్ని ఆపడానికి. ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు బదిలీ చెయ్యడం కుదరదు. వాళ్లే నేరుగా మీ ఊళ్లో పని చెయ్యాలి. మీకు ఆ మాట చెప్పినవాళ్లకు తెలిసుండాలి, తెలిసి చెప్పారంటే ఇంకా భయం.

కేయూ_జువాలజీ
ఆడిట్ అన్న చెప్పింది తాళం సంగతి. నేను తలుపుల సంగతి చెప్తాను. పీహెచ్‌డీలో ఉండగా నాలుగైదు తట్టాను కాబట్టి.

బయటి చిన్న గ్రాంట్లలో మా వాళ్లకు ఎక్కువ తెలిసింది బ్రిటన్‌లోని రఫర్డ్ ఫౌండేషన్. కొత్తవాళ్లకూ ఇస్తారు, దరఖాస్తు ఆన్‌లైన్, మనల్ని ఎరిగిన ముగ్గురు సిఫారసు రాయాలి. అబుదాబీ నుంచి మొహమ్మద్ బిన్ జాయెద్ ఫండ్ ఒక్కో ప్రాజెక్టుకు 25 వేల డాలర్ల దాకా ఇస్తుంది, కానీ అంతరించే ముప్పున్న జాతిని చూసి ఇస్తుంది. జీఈఎఫ్ అనే ప్రపంచ పర్యావరణ నిధి వాళ్ల స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ 1992 నుంచి నడుస్తోంది, ఊరి సంఘాల కోసమే పెట్టింది. మన దేశంలోనే పుట్టినవి అడిగితే హ్యాబిటాట్స్ ట్రస్ట్ ఉంది. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్లు అత్యవసరానికి చిన్న మొత్తాలు ఇస్తారు, ర్యాపిడ్ యాక్షన్ ప్రాజెక్ట్ అంటారు.

ఇప్పుడు చేదు మాట. మీ నత్తగుల్ల కొంగ ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) జాబితాలో "ఆందోళన అవసరం లేని" వరుసలో ఉంది. బాగా బతుకుతోంది, అదే దాని తప్పు. జాతిని చూసి ఇచ్చే ఫండ్‌లో మొదటి వడపోతలోనే పోతుంది. ఇంకోటి, పెద్ద ఫండ్లు చాలావరకు "హాట్‌స్పాట్" పటం చూసి ఇస్తాయి, అంటే జీవజాతులు ఎక్కువుండి ముప్పులో పడ్డ ప్రాంతాలు. మన దేశానికి తగిలే హాట్‌స్పాట్లు నాలుగు: హిమాలయం, పశ్చిమ కనుమలు, ఇండో బర్మా, నికోబార్ వైపు సుందాలాండ్. పాకాల టేకు అడవి, ఏటూరునాగారం, కవ్వాల్ ఏదీ అందులో లేదు. హాట్‌స్పాట్లకే డబ్బిచ్చే సీఈపీఎఫ్ అనే ఫండు పశ్చిమ కనుమల్లో ఏళ్ల తరబడి డబ్బు పెట్టింది, దక్కన్ ఎండు అడవికి అలాంటిది రాలేదు.

మంచిర్యాల_మామ
అంటే మన కొంగ ఇంక సావాలె, మన అడవి ఇంక అందంగ ఉండాలె.

కేయూ_జువాలజీ
మామా, దాదాపు అంతే.

బెజ్జూరు_బాట
చచ్చేదాక వచ్చినదానికి ఎట్ల ఇస్తరో నేను జూసిన. మా దిక్కు పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెడుతున్నయని 2013ల బయటపడ్డది. పెద్దవాగు ఒడ్డున నిలువు బండ అది. అంతే, గుట్ట దిక్కు బండ్లే బండ్లు. కాపలాకు ఊరోళ్లనే పెట్టిన్రు, నెలజీతం. రాబందుకు అసలు శత్రువు డైక్లోఫెనాక్, పశువులకేసే నొప్పుల మందు. అదేసిన పశువు కళేబరం తింటే రాబందు సస్తది. 2006లనే పశువులకు వాడుడు బందు వెట్టిన్రు. మనుషుల పేరు మీద పెద్ద సీసాలల్ల దొరుకుతనే ఉండె, 2015ల ఆ పెద్ద సీసాలు గూడ ఆపిన్రు. దాని బదులు మెలాక్సికామ్ ఏస్తే రాబందుకు ఏం గాదు.

నేను జెప్పేదేందంటే, అక్కడ గుట్ట సర్కారుది. కాపలాదారుకు జీతమంటే హెడ్ దొరికింది. నీ చెట్టు అవ్వది. అందుకే దొరుకుతలేదు. పిట్టల్ల తేడా లేదు, పట్టాల తేడా.

పాకాల_పిట్ట
ఈ మాట ఎవ్వరూ చెప్పలే అన్నా.

బీట్‌లో_బతుకు
అటవీశాఖలో పనిచేస్తాను, సొంతంగా రాస్తున్నా, ఊరు అడగకండి.

ముందు ఒక సంగతి. గూళ్లున్నప్పుడు చెట్టు కొడితే వన్యప్రాణి చట్టం ప్రకారం అది వేటే. గూడు కదిలించినా, గుడ్డు పగిలినా వేట నిర్వచనంలోకి వస్తుంది. కోతమిషనాయనకు ఈ మాట చెప్పండి. గూళ్లు లేని ఎండాకాలంలో కొట్టాలన్నా వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి.

కర్రు_నాగలి
వచ్చిండు. ఇగ అవ్వ మీద కేసు పెట్టు. సొంత చెట్టు, సొంత వాకిలి, పిట్టలు వచ్చి రెట్టేస్తే అవ్వ జైలుకు పోవాలె.

బీట్‌లో_బతుకు
కేసు పెట్టమన్నానా? మిషనాయనకు చెప్పమన్నా. అవ్వ పేరు నేను ఎత్తలేదు.

కర్రు_నాగలి
రేపు రాసేది నువ్వే గదా.

ఓరుగల్లు_అక్క
ఇద్దరూ ఆగుండ్రి. బీట్ అన్నా, మీ దగ్గర పైసలుంటయి గదా. కంపా అంటరు, వేల కోట్లంటరు. ఇరవై వేలు దాంట్ల నుంచి రావా?

బీట్‌లో_బతుకు
అందరూ అడిగే ప్రశ్న అక్కా. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47,436 కోట్లు కంపా నిధి బదిలీ చేసింది, అందులో తెలంగాణకు 3,110 కోట్లు. నిజమే. కానీ అది గనికో, ప్రాజెక్టుకో అడవి పోయినందుకు కట్టించుకున్న డబ్బు. ఏడాది ముందే పనుల ప్రణాళిక రాసి పంపాలి, ఫలానా కంపార్టుమెంటులో (అడవి ముక్కలో) ఇన్ని హెక్టార్ల మొక్కలు, ఇన్ని కిలోమీటర్ల కందకం, ఇన్ని ఫైర్‌లైన్లు అని. అవ్వ వాకిలికి కంపార్టుమెంటు నంబర్ లేదు.

కవ్వాల్ లాంటి చోట ప్రాజెక్ట్ టైగర్ డబ్బు కేంద్రం కొంత, రాష్ట్రం కొంత పద్ధతిలో వస్తుంది. బేస్‌క్యాంపు వాచర్ల కూలి దాంట్లోంచే. ఒక చోట పనిచేసినప్పుడు ఏడు నెలలు కూలి రాలేదు, ఆ పిల్లలు అప్పులు చేసి ఉప్పూ పప్పూ తెచ్చుకొని అడవిలోనే ఉన్నారు. మంజూరు కాగితం ఉంది, డబ్బు లేదు. గ్రాంటు అంటే బయట కాగితం చూస్తారు, లోపల మేం తేదీ చూస్తాం.

తాడ్వాయి అడవి సంగతి తెలుసు కదా, 2024 ఆగస్టు చివర్లో ఒక్క గాలికి వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నేను తర్వాత వెళ్లి చూశా. మద్ది, తెల్లమద్ది, అన్నీ ఒకే దిక్కుకు తల పెట్టి పడుకున్నట్టు. మళ్లీ నాటుదామని వాళ్లూ వీళ్లూ మొక్కలు పట్టుకొచ్చారు. అక్కడ కావాల్సింది మొక్క కాదు, పశువులు, నిప్పు రాకుండా కొన్నేళ్లు వదిలేస్తే మోడు నుంచి అదే చిగురేస్తుంది. ఊరికే వదిలెయ్యడానికి బడ్జెట్ ఎవరిస్తారు? మొక్కకైతే ఫొటో ఉంటుంది.

సింగరేణి_సెకండ్‌షిఫ్ట్
భూపాలపల్లి, గోదావరిఖని దిక్కోళ్లకు ఇంకో దారున్నది, డీఎంఎఫ్. జిల్లా ఖనిజ నిధి, 2015ల చట్టం సవరిస్తే వచ్చింది. గనులు తీసేటోళ్లు కట్టేది. తాగునీళ్లు, వైద్యం, చదువుతోని పాటు పర్యావరణం గూడ దాంట్ల ముందు వరుస పనే. కలెక్టర్ దగ్గర ఉంటది, ఎఫ్‌సీఆర్‌ఏ లొల్లి లేదు. కాని గని ప్రభావం ఉన్న ఊర్లకే. నర్సంపేటకు కష్టం.

సీఎస్‌ఆర్ అడిగేటోళ్లకు ఒక్క మాట. అవతల కూసున్నాయన పిట్టను చూడడు, కంపెనీల చట్టం షెడ్యూల్ ఏడుల మీ పని ఎక్కడ పడతదో చూస్తడు. నాలుగో అంశంల వృక్షజాలం, జంతుజాలం రక్షణ అని ఉన్నది. ఆ నంబరేసి రాస్తే ఆయనకు సగం పని తప్పుతది.

మత్తడి_మల్లన్న
అసలు సీఎస్‌ఆర్ పైసలొస్తే ముందుగాల ఏమొస్తయి? టోపీలు. మా ఊర్ల చెరువు శుభ్రం జేస్తమని ఒక కంపెనీ వచ్చింది. టీషర్టు, టోపీ, ఫ్లెక్సీ, ఉప్మా. తుంగ పీకినోళ్లు నలుగురు, ఫొటోల నలభై మంది. ఆ ఫ్లెక్సీ ఇప్పటికి మా బర్రెల కొట్టం మీదనే ఉన్నది, వాన పడితే మంచిగ ఆపుతది.

ఓరుగల్లు_అక్క
ఆవాస సంరక్షణ అంటే అదే, బర్రెల ఆవాసం.

డల్లాస్_హన్మకొండ
ఇంత గొడవెందుకు? 12 వేలంటే నాకు ఇక్కడ ఒక వారాంతం హోటల్ ఖర్చు. ఖాతా నంబర్ పెట్టండి, ఇవ్వాళే పంపిస్తా.

ఆడిట్_అన్న
ఆగండి! మీది ఏ పాస్‌పోర్టు?

డల్లాస్_హన్మకొండ
నాలుగేళ్ల కింద అమెరికాది వచ్చింది. భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉంది. ఎందుకు?

ఆడిట్_అన్న
అందుకే అడిగాను. ఓసీఐ ఉన్నా సరే, విదేశీ పౌరుడు ఇచ్చింది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ లేని సంఘం తీసుకుంటే కేసు. అదే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అక్కడ సంపాదించి సొంత సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. పిట్ట, ఎవరు పంపినా పాస్‌పోర్టు కాపీ తీసుకొని ఫైల్లో పెట్టు. మంచి మనసుతో పంపిన పదివేలు సంఘాన్ని ముంచిన సందర్భం నేను కళ్లారా చూశాను.

డల్లాస్_హన్మకొండ
పుట్టింది హన్మకొండ చౌరస్తా పక్కన, చదివింది సుబేదారిలో. ఇప్పుడు కొంగకు విదేశీయుణ్నయ్యా.

మంచిర్యాల_మామ
కొంగలు నయం, అవి యాడికెళ్లి వచ్చినయో ఎవ్వరడగరు.

కేయూ_జువాలజీ
పిట్ట అసలు ప్రశ్నకు దగ్గరైన ఉదాహరణలు రెండు గుర్తొచ్చాయి.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు. అక్కడా ఊళ్లోని చింతచెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. కాపు పోయినందుకు అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారం ఇస్తుంది. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వు, అంటే ఊరివాళ్ల భూముల్లోనే రక్షిత ప్రాంతం చేశారు. అంటే చింతచెట్టుకు డబ్బు ఇవ్వడం వింతేమీ కాదు, పక్క రాష్ట్రంలోనే ఉంది.

రెండోది అరుణాచల్‌లో పక్కే. కొమ్ముకోడి (హార్న్‌బిల్) గూళ్లను ఊరివాళ్లే కాపలా కాస్తారు. పట్నాల్లో ఉన్నవాళ్లు గూడును దత్తత తీసుకొని ఏటా డబ్బు కడతారు. అదే కాపలాదారుల జీతం. పెద్ద గ్రాంటు అక్కర్లేదు, చిన్న దాతలు చాలామంది.

కర్రు_నాగలి
కమ్యూనిటీ రిజర్వు జేస్తే రేపు అవ్వ వాకిట్ల కట్టెపుల్ల ఇరవాలన్న ఫారం నింపాలె. ఆ మాట ఊర్ల తియ్యకు తమ్మీ, మిషనాయన రేపే వస్తడు.

బీట్‌లో_బతుకు
ఇక్కడ మాత్రం నాగలన్నతో ఏకీభవిస్తా. ఆ పేరెత్తితే భయపడి ముందే కొట్టేస్తారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు పోయాయి, పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. పశువుకు పరిహారం ఉంది. ఉందని తెలిసినా, ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడో చెప్పలేం. అవ్వకైనా అంతే. ఎంత అన్నదానికన్నా ముందు, ఎప్పుడు అన్నది.

పాకాల_పిట్ట
దత్తత సంగతి బాగున్నది. కాని అవ్వను అడిగిన. "దానం ముట్ట" అన్నది. పరిహారం అంటే అర్థం గాలే. "నేనేం జేసిన్నని పైసలిస్తరు" అని ఎదురడిగింది. ఇంకా గట్టిగంటే "పిట్టల పేరు జెప్పి అడుక్కునుడా" అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. నాకు గొంతు పెగల్లే.

ఓరుగల్లు_అక్క
కాపలా కూలి అని రాయి. గూళ్ల కాపలా. వాకిట్లనే ఉంటది గదా.

ఆడిట్_అన్న
ఆమె నిజంగా కాపలా కాస్తే రాయొచ్చు. హాజరు పుస్తకం ఉండాలి. ఊరికే పేరు మార్చి రాస్తే అది దొంగ ఓచర్. ఎంత మంచి పనైనా నేను సంతకం పెట్టను.

కర్రు_నాగలి
మీ చదువులు పాడుగాను. పొద్దటిసంది చూస్తున్న, పరిహారమంట, దత్తతంట, కాపలా అంట. చింతచెట్టుకు పైసలిచ్చే తరీక మన ఊర్లల్ల లేనట్టు. గుత్త పట్టుండ్రి!

గుత్తదారు రావుడు బందయిందనే గదా అవ్వ బాధ. మీ సంఘమే గుత్తదారు. పూతకు ముందే మూడు చెట్ల కాపు ఇంతకు మాట్లాడుకున్నమని కాయితం రాసుకోండ్రి. కాపు మీది. కాస్తే కాసింది, లేకుంటే లేదు, నష్టం గుత్తదారుదే, ఎప్పుడైన అంతే గదా. గుత్త నడిచినన్నాళ్లు చెట్టుకు గొడ్డలి తగలొద్దు, అదీ పాత రివాజే. అవ్వ దానం తీసుకున్నట్టు గాదు, తన కాయ తను అమ్ముకున్నట్టు.

ఓరుగల్లు_అక్క
...

బెజ్జూరు_బాట
పొద్దటిసంది తిట్టినోడే తాళంచెవి ఇచ్చిండు.

కేయూ_జువాలజీ
ఇది నిజంగా పని చేస్తుంది. ప్రపోజల్‌లో "పరిహారం" బదులు "సంరక్షణ ఒప్పందం కింద ఫలసాయం హక్కు కొనుగోలు" అని రాయొచ్చు, పక్కన గుత్త పత్రం జత చెయ్యొచ్చు. ఆడిట్ అన్నా?

ఆడిట్_అన్న
ఆలోచిస్తున్నా. కొనుగోలు నిజం, ధర ఊళ్లో నడిచే ధర, అమ్మినామె హక్కుదారు, పత్రం ఉంది. తీర్మానం పుస్తకంలో సంఘం ఎందుకు కొంటోందో రాయండి, గూళ్ల రక్షణ కోసం అని. తప్పు పట్టడానికి నాకేం కనబడటం లేదు. నగదు ఇవ్వొద్దు. ఒక రోజులో ఒకరికి పదివేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఆమె పింఛను పడే ఖాతాలో వెయ్యండి.

కాసిన కాయ ఏం చేస్తారు? అమ్మితే వచ్చింది ఆదాయంలో చూపాలి.

మత్తడి_మల్లన్న
"కొంగల చింతపండు" అని పాకిటు గట్టి అమ్ముతం. రెట్ట ఉచితం.

డల్లాస్_హన్మకొండ
అది నేను కొంటా. కొంటే విదేశీ విరాళం కాదు కదా?

ఆడిట్_అన్న
మీరు హన్మకొండ వచ్చినప్పుడు మాట్లాడదాం.

సింగరేణి_సెకండ్‌షిఫ్ట్
మొదటి ఏడాదికి గ్రాంటే అడగకండ్రి. ఈ చర్చల ఉన్నోళ్లం తలా వెయ్యి ఏస్తే పన్నెండు మంది చాలు. నా పేరు రాసుకో. ఒక ఏడు నడిచిన పత్రం, లెక్కబెట్టిన గూళ్లు చూపెడితే ఇచ్చేటోడికి గూడ నమ్మకం. అప్పటికి మీకు మూడేండ్లు గూడ నిండుతయి.

బెజ్జూరు_బాట
నాదొకటి.

ఓరుగల్లు_అక్క
నాయి రెండు. ఒకటి మా అమ్మ పేరు మీద, ఆమెకు చింతచెట్టంటే పాణం.

బీట్‌లో_బతుకు
నేను డబ్బు ఇస్తే బాగుండదు. వలలు కట్టే రోజు వస్తా, నిచ్చెన నాది. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ కాగితం మీదైనా ఉండే ఉంటుంది, కార్యదర్శిని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఈ ఐదు చెట్లు, గూళ్లు ఎక్కించండి. పైసా ఖర్చు లేదు. రేపు ఎవరైనా అడిగితే సర్కారు పుస్తకంలో ఒక వరుస ఉంటుంది.

మంచిర్యాల_మామ
ఇరవై వేల ముచ్చటకు రెండు రాష్ట్రాలు, ఢిల్లీ, అబుదాబీ, అమెరికా తిరిగొచ్చి ఊర్లనే తేలింది. నాదొక వెయ్యి.

పాకాల_పిట్ట
(మూడు వారాల తర్వాత)
చాలమంది లోపలి మెసేజీలల్ల అడుగుతున్నరు, అందుకే రాస్తున్న. పదిహేను మంది ఏసిన్రు. గుత్త పత్రం ఊరి పెద్దమనుషుల ముందట రాసుకున్నం. అవ్వ పన్నెండు వేలకు ఒప్పుకోలే, ఐదువందలు ఎక్కువ అడిగింది. గుత్తదారులతోని ఎప్పుడు గట్లనే బేరమాడేదట. ఆమె బేరమాడంగ చూస్తే పాణం నిమ్మలమైంది. ఆఖరుకు 12,300కు తెగింది. మిషనాయన బయానా ఆమెనే తిరిగిచ్చింది. కోడలు మాత్రం ఇంక ముఖం మాడ్చుకునే ఉన్నది, వాకిలి ఊడ్వనీకి మా ఆరుగురిల నుంచి ఒక పోరణ్ని పంపుతున్నం.

వలలు ఇంక రాలే. రిజిస్టర్ల ఎక్కిస్తనని కార్యదర్శి అన్నడు, పుస్తకం మండలాఫీసుల ఉన్నదట.

ఆడిట్ అన్నా, పైసలు ఖాతాలనే ఏసినం. రశీదు ఫొటో పెడుతున్న, అవ్వ వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. సరిపోతదా?

ఆడిట్_అన్న
ఐదువేలు దాటింది కదా, రూపాయి రెవెన్యూ స్టాంపు ఏది? వేలిముద్ర దాని మీద పడాలి. ఇంకోటి, తేదీ వెయ్యలేదు.

పాకాల_పిట్ట
స్టాంపులు నర్సంపేట పోస్టాఫీసుల లేవన్నా. సోమవారం రమ్మన్నరు.